రెండు విపత్తుల నడుమ వ్యవధి: వర్ధమాన దేశాలకు వాతావరణ మార్పు చేస్తున్న అసలు నష్టం ఏది?

తొలకరి:

మలావీ దేశపు దక్షిణ ప్రాంతంలో గత కొన్నేళ్ళలో జరిగిన సంఘటనలను వరసగా కాగితం మీద రాసుకుంటున్నప్పుడు నాకొక ఆలోచన కలిగింది. దానిని సభ్యుల ముందు పెడుతున్నాను. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను తెచ్చిన వరదలు పొలాలను ముంచాయి. 2022 జనవరిలో అనా తుపాను వచ్చి షీరే నది మీది కాపిచీరా జలవిద్యుత్కేంద్రాన్ని దెబ్బతీయడంతో, ఆ దేశపు విద్యుదుత్పత్తిలో దాదాపు మూడో వంతు ఒక్కసారిగా ఆగిపోయింది. అదే ఏడాది మార్చిలో మొదలైన కలరా ఆ దేశ చరిత్రలోనే అతి పెద్దదిగా మారి 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. అది పూర్తిగా సద్దుమణగకముందే, 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను వానలకు బ్లాంటైర్ నగరంలో కొండవాలుల మీది ఇళ్ళు బురదలో కూరుకుపోయాయి. దేశం మొత్తం మీద మరణించినవారినీ, ఆచూకీ దొరకనివారినీ కలిపితే సంఖ్య వెయ్యి దాటింది. మరుసటి ఏడాది ఎల్ నినో ప్రభావంతో వానలు ముఖం చాటేశాయి. 2024 మార్చిలో 28 జిల్లాలలో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు.

వీటిలో ఏ ఒక్కదాన్ని విడిగా తీసుకున్నా, అది ఎంత పెద్దదైనా సరే, కొన్నేళ్ళలో తేరుకోగలిగిన దెబ్బే. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు, విత్తనం సంపాదించుకోవచ్చు, చేసిన అప్పు తీర్చుకోవచ్చు. అయితే తేరుకోవడానికి పట్టే కాలం కంటే తరువాతి దెబ్బ ముందుగా వచ్చిపడితే ఏమవుతుంది? వాతావరణ మార్పు పేద ప్రాంతాలకు చేస్తున్న అసలు నష్టాన్ని తుపాను గాలి వేగంలోనో, వాన మిల్లీమీటర్లలోనో కాక, ఈ వ్యవధి కుంచించుకుపోవడంలో చూడాలని నా అభిప్రాయం. ఏకీభవించినా, విభేదించినా వివరంగా రాయమని కోరుతున్నాను.

నీలిగీత:

తొలకరి గారు చెప్పినదానికి నాకు తెలిసిన అతి స్పష్టమైన ఉదాహరణ కరీబియన్ సముద్రంలోని డొమినికా. 2015లో ఎరికా తుపాను ఆ చిన్న ద్వీపానికి కలిగించిన నష్టాన్ని లెక్కవేస్తే, అది దాని వార్షిక స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతం అని తేలింది. దాని నుంచి లేచి నిలబడే ప్రయత్నం సాగుతుండగానే, రెండేళ్ళు దాటిన కొద్ది రోజులకే, 2017 సెప్టెంబరులో మరియా వచ్చింది. ఈసారి నష్టం 226 శాతం. దేశమంతా కలిసి రెండేళ్ళకు పైగా శ్రమించి సంపాదించేదంతా ఒక్క రాత్రిలో పోయిందన్నమాట.

సంపన్న దేశాలలో తుపానులు కలిగించే ఆస్తి నష్టం డబ్బు రూపంలో ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ విలువైన ఆస్తులు ఎక్కువ. కాని ఆ నష్టం జాతీయాదాయంలో చిన్న భాగం. బీమా ఉంటుంది, ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పు తేగలదు, దెబ్బతినని ప్రాంతం దెబ్బతిన్న ప్రాంతాన్ని మోస్తుంది. ద్వీపమంతా ఒకే రాత్రి దెబ్బతింటే మోయడానికి ఎవరు మిగులుతారు?

వాతావరణ మార్పును మదింపు చేసే ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం ఐపీసీసీ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 330 నుంచి 360 కోట్ల మంది వాతావరణ మార్పుకు తీవ్రంగా లోనయ్యే పరిస్థితులలో జీవిస్తున్నారు. 2010 నుంచి 2020 వరకు వరదలు, కరవులు, తుపానుల వల్ల సంభవించిన మరణాల రేటు, అతి తక్కువ ప్రమాదం ఉన్న ప్రాంతాలతో పోలిస్తే, ఈ ప్రాంతాలలో 15 రెట్లు ఎక్కువగా ఉంది.

లెక్కలబడి:

పై ఇద్దరి ఆవేదనను గౌరవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చెప్పాలి. మరణాల సంగతే చూద్దాం. 1970లో భోలా తుపాను నేటి బంగ్లాదేశ్ తీరంలో కనీసం మూడు లక్షల మందిని బలిగొంది. 1991లో వచ్చిన తుపానుకు దాదాపు 1,38,000 మంది చనిపోయారు. 2007లో సిదర్ వచ్చినప్పుడు ఆ సంఖ్య సుమారు 3,400. 2020లో ఆంఫన్ వచ్చినప్పుడు బంగ్లాదేశ్‌లో మరణాలు ముప్పయి లోపే. ఈ యాభయ్యేళ్ళలో భూమి వేడెక్కింది, తీరంలో జనాభా పెరిగింది, అయినా మరణాలు పదివేలవ వంతుకు పడిపోయాయి. రేడియో, తుపాను ఆశ్రయ భవనాలు, ఇంటింటికీ వెళ్ళి హెచ్చరించే వేలాదిమంది వాలంటీర్లు ఈ మార్పును సాధించారు. తుపాను బలంగా ఉండటం ఒక సంగతి, దాని ముందు మనిషి నిస్సహాయంగా ఉండటం మరొక సంగతి. రెండోదానికి మూలం దారిద్ర్యం. దారిద్ర్యాన్ని తగ్గించే పనిని పక్కనబెట్టి వాతావరణం గురించే మాట్లాడితే, మందు ఒకచోట రోగం ఒకచోట అన్నట్టు అవుతుందని నా భయం.

కరకట్ట:

లెక్కలబడి గారు ఇచ్చిన మరణాల అంకెలు సరైనవే, ఆ విజయం నిజంగా గొప్పదే. 1991లో మరణించినవారిలో స్త్రీలు పురుషులకంటే చాలా ఎక్కువ. ఆశ్రయ భవనాలకు వెళ్ళడానికి ఇంట్లో మగవారి అనుమతి కోసం ఎదురుచూడటం, అక్కడ మరుగు లేకపోవడం దానికి కొంత కారణమని గుర్తించి, తరువాత వాలంటీర్లలో స్త్రీల సంఖ్యను పెంచి ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. అటువంటి శ్రద్ధ ఎన్నో దేశాలకు పాఠం కాగలదు.

అయితే మరణాల లెక్క అక్కడితో కథను ముగించేస్తుంది. బతికినవారి కథ అక్కడే మొదలవుతుంది. నేను చాలాకాలం కరకట్టల నిర్మాణంలో, నిర్వహణలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తాను.

బంగ్లాదేశ్ నైరుతి తీరంలో 1960 దశకం నుంచి చుట్టూ మట్టికట్టలు పోసి, లోపలి భూమిని ఆటుపోట్ల నుంచి కాపాడే పోల్డర్లను నిర్మించారు. 2009 మే నెలలో అయిలా తుపాను వచ్చినప్పుడు మరణాలు వందల్లోనే ఉన్నాయి, అంటే మరణాల లెక్క ప్రకారం అది చిన్న తుపాను. కాని అది కట్టలను తెంచింది. గండ్లు పడ్డచోట రోజుకు రెండుసార్లు పోటు వచ్చి పోతూ గండిని ఇంకా లోతుగా, వెడల్పుగా కోస్తుంది. ఆలస్యమైనకొద్దీ పూడ్చడానికి అయ్యే ఖర్చు పెరుగుతుంది. కొన్ని పోల్డర్లలో గండ్లు పూడటానికి రెండేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ పొలాల్లో ఉప్పునీరు వచ్చిపోతూనే ఉంది, జనం కట్టల మీదే గుడిసెలు వేసుకుని ఉన్నారు. నీరు తీసిన తరువాత కూడా ఉప్పు నేలలోనే ఉండిపోయింది. మంచి వానలు కురిసి నేలను కడిగితే తప్ప వరి పండదు, ఆ కడగడానికి కొన్ని వానకాలాలు కావాలి. ఈలోగా తాగే నీటి చెరువులూ ఉప్పుబారాయి.

తీరప్రాంతపు దాకోప్‌లో గర్భిణుల మీద చేసిన పరిశోధనలో, తాగే నీటిలోని ఉప్పుకూ, గర్భకాలంలో రక్తపోటు పెరగడానికీ సంబంధం ఉన్నట్టు తేలింది. సముద్రమట్టం పెరగడమనే మాట విన్నప్పుడు మన కళ్ళముందు మునిగిపోతున్న ద్వీపం మెదులుతుంది. నీళ్ళబిందెలో ఉప్పు కనిపించదు. ఒక నిండు గర్భిణికి రక్తపోటు పెరిగి ఆసుపత్రికి వెళితే, ఏ విపత్తు జాబితాలోనూ ఆమె పేరు ఉండదు.

కనుక లెక్కలబడి గారి ప్రశ్నకు నా సమాధానం ఇది. హెచ్చరిక వ్యవస్థ మనిషి ప్రాణాన్ని కాపాడుతుంది, అతని పొలాన్ని కాపాడలేదు. అభివృద్ధి వల్ల ప్రాణాలు నిలిచాయి, నిజమే. ఆ నిలిచిన ప్రాణాలకు ఆధారమైన నేలను తీసుకుపోతున్నది మాత్రం సముద్రమే.

పచ్చిక:

హఠాత్తుగా వచ్చే విపత్తుల గురించే మాట్లాడుకుంటున్నాం, నెమ్మదిగా వచ్చేదాని గురించి నేను రాస్తాను. సోమాలియా, ఇథియోపియా దక్షిణభాగం, కెన్యా ఉత్తరభాగం కలిసిన ప్రాంతంలో ఏడాదికి రెండు వానకాలాలు ఉంటాయి. 2020 చివరి నుంచి 2022 చివరి వరకు వరసగా ఐదు వానకాలాలు విఫలమయ్యాయి. అక్కడి జనంలో చాలామంది పశుపోషకులు. ఒక వానకాలం పోతే మందను దూరపు మేతకు తోలుకుపోతారు. రెండోది పోతే బలహీనమైన పశువులను అమ్ముతారు, అందరూ ఒకేసారి అమ్మబోతారు కాబట్టి ధర పడిపోతుంది, మరోపక్క ధాన్యం ధర పెరుగుతుంది. మూడోది పోయేసరికి పాలిచ్చే ఆడపశువులు చనిపోవడం మొదలవుతుంది. మంద అంటే వారికి ఆహారం, బ్యాంకు ఖాతా, పిల్లల పెళ్ళి, రేపటి భరోసా అన్నీ. ఆ కరవులో 95 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. సోమాలియాలో ఒక్క 2022లోనే సాధారణ స్థాయికి మించి సుమారు 43,000 మరణాలు సంభవించి ఉంటాయని, వాటిలో సగం ఐదేళ్ళలోపు పిల్లలవేనని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది.

కరవు తరువాత 2023 చివరలో వచ్చినవి వానలు కావు, వరదలు. ఎండి గట్టిపడిన నేల నీటిని పీల్చుకోలేదు. మళ్ళీ మందను నిలబెట్టుకోవడానికి కనీసం ఐదారేళ్ళు మంచి వానలు కావాలి. తొలకరి గారి 'వ్యవధి' ఇక్కడ సంవత్సరాలలో కాదు, ఆవుదూడ ఎదిగి మళ్ళీ ఈనే కాలంలో కొలవాలి.

లెక్కలబడి:

కరకట్ట గారి వివరణ నా అభిప్రాయాన్ని కొంత మార్చింది. మరణాల అంకె ఒక్కటే కొలమానం కాదని ఒప్పుకుంటున్నాను. పచ్చిక గారికి ఒక ప్రశ్న. ఆ ప్రాంతంలో కరవులు పూర్వం కూడా వచ్చాయి. ఈ కరవును వాతావరణ మార్పు ఖాతాలో వేయడానికి ఆధారమేమిటి? పసిఫిక్ సముద్రజలం సాధారణం కంటే చల్లబడే లా నినా స్థితి వరసగా మూడేళ్ళు కొనసాగడం కూడా కారణమే కదా?

పచ్చిక:

న్యాయమైన ప్రశ్న. 2023 ఏప్రిల్‌లో వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ శాస్త్రవేత్తల బృందం ఈ విషయాన్నే పరిశీలించింది. లా నినా పాత్రను వారు కాదనలేదు. మానవ కారణంగా జరిగిన వేడిమి లేకపోయినా వానలు తగ్గి ఉండేవే. కాని అధిక వేడి వల్ల నేల నుంచీ మొక్కల నుంచీ ఆవిరయ్యే నీరు పెరిగింది. ఈ రెండూ కలిసినప్పుడు ఏర్పడిన తీవ్రత, వేడెక్కని ప్రపంచంలో కరవు స్థాయికే చేరి ఉండేది కాదని, ఇటువంటి పరిస్థితి వచ్చే అవకాశం సుమారు వంద రెట్లు పెరిగిందని వారి నిర్ధారణ. మేఘాల వైపు మాత్రమే చూస్తే ఈ సంగతి తెలియదు. కురిసిన వానలో ఎంత నేలలో నిలిచిందన్నది చూడాలి.

నీలిగీత:

ఈ సందర్భంలో కొలతల గురించి ఒక మాట. ఒక విపత్తుకు కారణం తేల్చాలంటే దీర్ఘకాలపు వాతావరణ నమోదులు కావాలి, అవి పేద ప్రాంతాలలోనే అతి తక్కువ. 2023లో ప్రచురితమైన లెక్క ప్రకారం ఆఫ్రికా ఖండం మొత్తం మీద వాతావరణ రాడార్లు 37, ఐరోపాలో 345. అంతకంటే బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. అంతర్జాతీయ విపత్తుల నమోదులో 1900 తరువాత సబ్ సహారా ఆఫ్రికాలో నమోదైన వడగాడ్పులు రెండే రెండని, వాటి మరణాలు 71 అని 2020లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. అదే నమోదులో ఐరోపాలోని వడగాడ్పులు పదుల సంఖ్యలో, మరణాలు లక్షకు పైగా ఉన్నాయి. ఆఫ్రికాలో ఎండకు ఎవరూ చనిపోలేదని దీని అర్థం కాదు, ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. లెక్కకెక్కని నష్టానికి పరిహారం అడగడం కూడా కుదరదు.

మిట్టమధ్యాహ్నం:

వేడి ప్రస్తావన వచ్చింది కాబట్టి, శ్రామికుల ఆరోగ్యం మీద పనిచేసే వ్యక్తిగా నేను కొంత చేరుస్తాను. మనిషి శరీరం చెమట ఆవిరి కావడం ద్వారా చల్లబడుతుంది. గాలిలో తేమ పెరిగినకొద్దీ ఆ మార్గం మూసుకుపోతుంది. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత, దీనిని తడి ఉష్ణోగ్రత అంటాం, 35 డిగ్రీలు దాటితే నీడలో కదలకుండా కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి బతకలేడని సిద్ధాంతం. తరువాత యువకుల మీద చేసిన ప్రయోగాలలో ఆ హద్దు ఇంకా కిందనే, తేమ వాతావరణంలో 31 డిగ్రీల దగ్గరే, ఉన్నట్టు తేలింది. పాకిస్తాన్‌లోని జాకోబాబాద్‌లో కొద్ది గంటలపాటు 35 డిగ్రీల తడి ఉష్ణోగ్రత ఇప్పటికే నమోదయింది.

అయితే ఈ ప్రాణాంతకపు హద్దు కంటే చాలా ముందే కూలిపని ఆగిపోతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో వేసిన అంచనా ప్రకారం, 2030 నాటికి ఎండ తీవ్రత వల్ల ప్రపంచ పనిగంటలలో 2.2 శాతం, అంటే 8 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలకు సమానమైన శ్రమ, నష్టపోతాం. అందులో 60 శాతం వ్యవసాయంలోనే, 19 శాతం కట్టడాల పనిలో. ఈ రెండు పనులలోనూ పేద దేశాల జనమే అధికంగా ఉన్నారు, వారికి పనిచేసిన పూటకే కూలి. పని ఆపితే ఆకలి, ఆపకపోతే వడదెబ్బ. మూత్రపిండాలు క్రమంగా దెబ్బతినడం కూడా ఎండలో శ్రమించేవారిలో వైద్యులు ఎక్కువగా చూస్తున్నారు. రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే, రేకుల కప్పు కింద పడుకునే శరీరానికి మరుసటి పగటికి తేరుకునే వ్యవధే ఉండదు. తొలకరి గారు దేశాల స్థాయిలో చెప్పిన మాట ఒక్క శరీరానికి కూడా వర్తిస్తుందని నాకు అనిపించింది.

ఖాతాపుస్తకం:

ఇంతవరకు ఎవరూ అప్పు గురించి వివరంగా రాయలేదు, నా దృష్టిలో ఈ వ్యవధిని మింగేస్తున్నది అదే.

2022 వరదలలో పాకిస్తాన్‌లో 3.3 కోట్ల మంది బాధితులయ్యారు, 1,700 మందికి పైగా మరణించారు. సింధ్ రాష్ట్రంలో ఆగస్టు నెల వాన సాధారణం కంటే ఏడెనిమిది రెట్లు. ఆస్తి నష్టం, ఆర్థిక నష్టం కలిపి 3,000 కోట్ల డాలర్లు దాటాయని ప్రపంచ బ్యాంకు పాల్గొన్న అంచనా తేల్చింది. ప్రపంచ ఉద్గారాలలో ఆ దేశపు వాటా ఒక శాతం లోపే. 2023 జనవరిలో జెనీవాలో జరిగిన దాతల సమావేశంలో 900 కోట్ల డాలర్లకు పైగా హామీలు వచ్చాయి, కాని వాటిలో అత్యధిక భాగం ప్రాజెక్టు రుణాలు. అంటే ఇల్లు కూల్చినది ఒకరైతే, కట్టుకోవడానికి బాధితుడే అప్పు చేసి, వడ్డీతో సహా తీర్చాలి. తరువాతి వరద వచ్చేనాటికి పాత అప్పు వాయిదాలు ఇంకా నడుస్తుంటాయి. బడ్జెట్‌లో వడ్డీకి పోయిన ప్రతి రూపాయీ కరకట్టకు గాని, ఆసుపత్రికి గాని అందని రూపాయే.

2009లో కోపెన్‌హాగన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సమావేశంలో సంపన్న దేశాలు వర్ధమాన దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని మాట ఇచ్చాయి. ఆ అంకెను మొదటిసారి చేరుకున్నది 2022లో. ఆ ఏడాది ప్రభుత్వాల ద్వారా వచ్చిన సొమ్ములో దాదాపు 70 శాతం అప్పులే. 2024లో బాకూలో దానిని 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లకు పెంచుతామన్నారు. వాతావరణ మార్పును తట్టుకునే ఏర్పాట్లకే వర్ధమాన దేశాలకు ఈ దశాబ్దంలో ఏటా 21,500 నుంచి 38,700 కోట్ల డాలర్లు కావాలని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా. ఈ పనికి 2022లో అంతర్జాతీయంగా ప్రభుత్వాల నుంచి అందినది సుమారు 2,800 కోట్లు.

నష్టపరిహారం అన్న ఆలోచన కొత్తది కాదు. చిన్న ద్వీపదేశాల తరఫున వనువాటు 1991లోనే దీనిని ప్రతిపాదించింది. నిధి ఏర్పాటుకు అంగీకారం కుదిరింది 2022లో, ఈజిప్టులో వాతావరణ సమావేశం జరిగిన షర్మ్ ఎల్ షేక్‌లో. మరుసటి ఏడాది దుబాయి సమావేశంలో దానికి వచ్చిన హామీలు సుమారు 70 కోట్ల డాలర్లు. పాకిస్తాన్‌కు ఒక్క ఏడాదిలో కలిగిన నష్టం పక్కన ఈ అంకెను పెట్టి చూడండి. 2025 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం, మళ్ళీ వనువాటు చొరవతోనే, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని, దానిని ఉల్లంఘిస్తే పరిహారం చెల్లించవలసి రావచ్చని సలహా అభిప్రాయం ఇచ్చింది. ఇది పెద్ద అడుగే అయినా, అభిప్రాయానికీ చెల్లింపుకీ నడుమ దూరం ఉంది.

ఒక్క మంచి ఉదాహరణ కూడా చెబుతాను. 2004లో ఇవాన్ తుపాను తరువాత అప్పులలో చిక్కుకున్న గ్రెనడా, తన రుణపత్రాలను తిరిగి రాయించుకున్నప్పుడు ఒక షరతు చేర్పించింది: పెద్ద తుపాను వస్తే కొంతకాలం వాయిదాలు ఆగాలి. 2024 జూలైలో బెరిల్ తుపాను వచ్చినప్పుడు ఆ షరతును వాడుకుంది. దీనివల్ల అప్పు తగ్గలేదు, గడువు వచ్చింది. ఈ చర్చ అంతా గడువు గురించే కాబట్టి, ఇటువంటి షరతు ప్రతి రుణపత్రంలోనూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

లెక్కలబడి:

ఖాతాపుస్తకం గారి అంకెలు చూశాక పరిహారం విషయంలో నాకు వాదన లేదు. కాని ఒక ఆందోళన మిగిలే ఉంది. సబ్ సహారా ఆఫ్రికాలో సుమారు 60 కోట్ల మందికి నేటికీ కరెంటు లేదు. ప్రపంచ ఉద్గారాలలో ఆఫ్రికా వాటా నాలుగు శాతం లోపు. అటువంటి దేశాలు తమ సహజవాయువును వాడుకోబోతే అప్పు ఇవ్వబోమనడం, అదే సమయంలో ఇచ్చేవారు తమ ఇళ్ళలో దానినే వాడుకోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. ఆసుపత్రిలో ఫ్రిజ్ నడవడానికి, బావి నుంచి నీరు తోడడానికి, మిట్టమధ్యాహ్నం గారు చెప్పిన రేకుల గదిలో ఒక ఫ్యాను తిరగడానికి కరెంటు కావాలి. అది ఉంటే తట్టుకునే శక్తి వస్తుంది. సౌరశక్తి చౌకబడింది, నిజమే. కాని పేద దేశం ప్యానెళ్ళు కొనడానికి తెచ్చే అప్పు మీద వడ్డీ సంపన్న దేశం కట్టేదానికంటే ఎంతో ఎక్కువ కావడంతో, ఆ చౌకదనం వారిదాకా చేరడం లేదు. వడ్డీ తగ్గించకుండా ఇంధనం మాత్రం మానమంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఎడారిమొక్క:

చర్చ దేశాల మధ్యా, బ్యాంకుల మధ్యా నడుస్తోంది. రైతు ఏమి చేస్తున్నాడో కూడా చూడాలి. బుర్కినా ఫాసోలో 1980 దశకపు కరవులో జనం ఊళ్ళు వదిలిపోతున్న రోజుల్లో, యకూబా సవదొగో అనే రైతు పూర్వకాలపు 'జాయి' గుంతలకు మెరుగులు దిద్దాడు. ఎండాకాలంలోనే గట్టిపడిన నేలలో జానెడు లోతు గుంతలు తవ్వి, పెంటా ఆకూ వేస్తే, చెదలు వచ్చి నేలను గుల్లచేస్తాయి. తొలివాన నీరు పారిపోకుండా గుంతలో నిలుస్తుంది. జొన్న, సజ్జ ఆ తేమతో నిలదొక్కుకుంటాయి. పక్కదేశం నైజర్‌లో రైతులు చెట్లు కొత్తగా నాటలేదు, నేలలో బతికే ఉన్న పాతమొదళ్ళ పిలకలను కొట్టకుండా కాపాడారు. అలా సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయి. వరిలో చూస్తే, రెండు వారాల వరకు ముంపును తట్టుకునే సబ్-1 జన్యువున్న స్వర్ణ వంటి రకాలు 2009 నుంచి రైతుల చేతికి వచ్చాయి.

ఇవన్నీ గొప్ప పనులు. కాని వీటికి హద్దు ఉందని కూడా అంతే గట్టిగా చెప్పాలి. గుంత తవ్వడం ఎముకలు విరిగే పని, మగవారు వలసపోయిన ఇంట్లో ఆ భారం ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర లేదు. వాన అసలే పడకపోతే గుంతలో నిలిచేది ఏమీ ఉండదు. మూడో వారం కూడా నీరు తీయకపోతే సబ్-1 వరి కూడా కుళ్ళుతుంది. పేద రైతుల తెలివిని మెచ్చుకుంటూ, ఆ మెప్పునే సాకుగా చేసుకుని వారికి ఇవ్వవలసినది ఇవ్వకుండా ఉండే ధోరణి నాకు సమావేశాలలో తరచు ఎదురవుతుంది.

పచ్చిక:

వలస మాట వచ్చింది కాబట్టి క్లుప్తంగా. 2050 నాటికి ఆరు ప్రాంతాలలో 21.6 కోట్ల మంది వరకు తమ దేశం లోపలే తరలిపోవలసి రావచ్చని ప్రపంచ బ్యాంకు 2021 అంచనా. సరిహద్దు దాటేవారు తక్కువ, ఎందుకంటే దూరం పోవడానికీ డబ్బు కావాలి. అందరికంటే పేదవారు ఉన్నచోటే చిక్కుకుపోతారు. వారి గురించి వార్త రాదు.

కరకట్ట:

నిన్న రాసినదానికి ఒక చేర్పు. హెచ్చరిక పొలాన్ని కాపాడలేదని రాశాను, ఆ మాటను కొంత సవరించుకోవాలి. 2020 జూలైలో బంగ్లాదేశ్‌లోని జమున నదికి పెద్ద వరద రాబోతోందని అంచనా అందగానే, ఐక్యరాజ్యసమితి అత్యవసర నిధి నుంచి 52 లక్షల డాలర్లు వరద శిఖరం చేరకముందే విడుదలయ్యాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా వేలాది కుటుంబాలకు తలా 4,500 టాకాలు ఫోనుకే చేరాయి. ఆ సొమ్ముతో కొందరు తిండిగింజలు కొని దాచారు, కొందరు పశువులను మెరకకు తరలించారు. తరువాత జరిపిన అధ్యయనంలో, సొమ్ము అందని కుటుంబాలతో పోలిస్తే వీరిలో పస్తులున్నవారు తక్కువని తేలింది. వరద తరువాత అదే పశువును సగం ధరకు అమ్ముకోవలసిన అవసరం రాకపోతే, మరుసటి ఏడాది దుక్కికి ఆ పశువు ఉంటుంది. వరద వెళ్ళిపోయాక ఎంత సాయం వచ్చినా ఆ ఫలితం రాదు.

తొలకరి:

ఇంత శ్రద్ధగా రాసిన సభ్యులందరికీ కృతజ్ఞతలు. నేను వ్యవధి అన్నప్పుడు నా మనసులో ఉన్నది నెలలూ సంవత్సరాలూ. పచ్చిక గారు దూడ ఈనే కాలమన్నారు, మిట్టమధ్యాహ్నం గారు ఒక రాత్రి అన్నారు, ఖాతాపుస్తకం గారు అప్పు వాయిదా అన్నారు. అవి చదివాక మొదట్లో రాసుకున్న మలావీ కాగితాన్ని మళ్ళీ తీసి, ఈసారి పంటల లెక్కన చూశాను.

షీరే లోయలో వానాధార మొక్కజొన్న ఏడాదికి ఒక్క పంటే. నవంబరు, డిసెంబరులలో విత్తుతారు, ఏప్రిల్, మే నెలల్లో కోస్తారు. అనా వచ్చిన జనవరిలో పైరు మోకాలెత్తు దాటి ఉంటుంది, కాబట్టి 2022 పంట దెబ్బతిన్నది. ఫ్రెడ్డీ వచ్చిన మార్చిలో కండె పాలుపోసుకునే దశ దాటి గింజ గట్టిపడుతుంటుంది, కాబట్టి 2023 పంట కోతకు కొద్ది వారాల ముందు పోయింది. 2024లో ఎండ. క్యాలెండరు ప్రకారం అనాకూ ఫ్రెడ్డీకీ నడుమ పద్నాలుగు నెలలున్నాయి, మొదటి టపా రాసేటప్పుడు నేను దానినే వ్యవధి అనుకున్నాను. చిక్వావా జిల్లాలో నదిఒడ్డున పొలమున్న కుటుంబం వైపు నుంచి చూస్తే ఆ పద్నాలుగు నెలల్లో గాదె నిండిన రోజు ఒక్కటి కూడా లేదు, ఆ తరువాతి ఏడాదిలోనూ లేదు. 2024 నవంబరులో వారు విత్తిన గింజలు ఎవరి నుంచి, ఏ షరతు మీద తెచ్చుకున్నవో తెలిసిన సభ్యులెవరైనా ఉంటే, ఈ చర్చను అక్కడి నుంచి కొనసాగించాలని నా కోరిక.